పిల్లల పక్కన కూర్చుని బొమ్మలు గీయడం ఎలా?

రెండు మొనదేలిన కొండలు, వాటి నడుమ సూర్యుడు, ఒక గుడిసె, దాని పక్కన వంగిన కొబ్బరిచెట్టు, కిందికి పారే నీలిరంగు ఏరు. రాయవేలూరులో, అంటే తమిళనాడు వేలూరులో, బొమ్మల క్లాసుకు పోయే పిల్లల పుస్తకం ఏది తెరిచినా ఈ బొమ్మ కనిపిస్తుంది. కిటికీ తెరిస్తే కనిపించే కొండలు వేరు. అవి బండరాళ్లు పేర్చినట్టుండే బోడికొండలు, వాటికి మొన ఉండదు. పాలారులో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. 2021 నవంబరులో ఇక్కడ పాలారు, దగ్గర్లోని గుడియాత్తంలో కౌండిన్య నది పొంగినప్పుడు వచ్చిన నీళ్లు కూడా నీలంగా రాలేదు, మట్టిరంగులో వచ్చాయి. ఇవన్నీ కళ్లారా చూసిన బిడ్డ కాగితం ముందు కూర్చోగానే ఎవరిదో కొండ, ఎవరిదో ఏరు గీస్తాడు. బొమ్మంటే ఇట్లా ఉండాలని ఎవరో పెద్దవాళ్లు ముందే గీసి చూపించేశారు మరి.

ఆ అలవాటు పడకముందు, అంటే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా, ఇంట్లో పిల్లలతో కలిసి ఎలా గీయాలో ఇక్కడ చెబుతాను. అమ్మానాన్నలతో పాటు పగలంతా మనవల్ని చూసుకునే అవ్వాతాతలకు, సెలవులకు వచ్చే అత్తలకు, మామలకు కూడా ఇది పనికొస్తుంది. మీకు బొమ్మలు రాకపోతే మరీ మంచిది. బాగా గీసే పెద్దవాళ్ల పక్కన చిన్నపిల్లలు తాము గీయడం మానేసి చూస్తూ కూర్చుంటారు.

ముందు సరంజామా

పెద్ద ఖర్చేమీ లేదు. వేలూరు లాంగ్ బజారులోనో మీ వీధి అంగట్లోనో లావుపాటి మైనపు క్రేయాన్లు అడగండి. పిల్లలకు హాని చేయని రంగులని డబ్బా మీద ఉందో లేదో చూసి కొనండి. రెండేళ్ల బిడ్డకు మూడు రంగులు బయట పెట్టి మిగతావి దాచేయండి. ఆ మూడూ ముదురు రంగులైతే మేలు. తెల్ల కాగితం మీద లేత పసుపు కనబడదు, తన గీత తనకు కనబడకపోతే బిడ్డ క్రేయాన్ పక్కన పడేసి లేచిపోతుంది. క్రేయాన్ విరిగితే పారేయకండి. పొట్టి ముక్కను పిడికిట్లో పట్టుకోవడం కుదరదు కాబట్టి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తమంతట తామే దాని చుట్టూ చేరతాయి. రేపు పెన్సిల్ పట్టేది కూడా ఆ పట్టుతోనే. ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు మాత్రం గొంతులో ఇరుక్కునేంత చిన్న ముక్కలు ఇవ్వకూడదు.

కాగితం కొననే అక్కర్లేదు. జిరాక్స్ అంగట్లో ఒకవైపు చెడిన కాగితాలు అడిగితే ఇస్తారు. నెల క్యాలెండరు వెనకవైపు, పెళ్లిపత్రికల లోపలి ఖాళీ, మిఠాయి డబ్బాల అట్ట, అన్నీ పనికొస్తాయి. ఖరీదైన డ్రాయింగు పుస్తకం వద్దనే అంటాను. పేజీకి ఒక్క గీత గీసి తిప్పేస్తున్న బిడ్డను చూస్తే మన ప్రాణం ఊరుకోదు, ‘ఎందుకమ్మా వేస్టు చేస్తావు’ అనేస్తాం. ఆ మాట ఒకసారి విన్న చెయ్యి మళ్లీ అంత ధారాళంగా కదలదు. పలకా బలపం ఇంట్లో ఉంటే అంతకంటే మంచి వస్తువు లేదు.

నాలుగేళ్లు దాటిన పిల్లలతో బొగ్గు కూడా వాడవచ్చు. ఇక్కడికి మూడు నాలుగు గంటల దారిలో ఉన్న శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు గుడ్డ మీద మొదట గీసుకునేది కాల్చిన చింతపుల్లల బొగ్గుతోనే. ఆ గీతల మీద తర్వాత వెదురు కలంతో నల్లరంగు పోతారు, ఆ నల్లరంగు ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టి తీసింది. చింతపుల్లల బొగ్గు ఇంట్లోనే చేసుకోవచ్చు, అయితే ఇది పూర్తిగా పెద్దవాళ్ల పని. వేలెడంత పుల్లల బెరడు తీసి, ఖాళీ రేకు డబ్బాలో బిగుతుగా కుక్కి, మూత పెట్టండి. పొగ పోవడానికి మూతకు మేకుతో ఒక చిన్న బొక్క చాలు. కట్టెల పొయ్యి నిప్పుల్లో పెడితే మొదట బొక్కలోంచి పొగ వస్తుంది. పొగ ఆగిపోయాక డబ్బా తీసి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకుండా ఉంచండి. వేడి మీద తీస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుని బూడిదవుతాయి.

పసుపుతో ఒక వింత ఉంది, అది పిల్లలకు తప్పకుండా చూపించండి. పసుపు కలిపిన నీళ్లలో దూదిపుల్ల ముంచి కాగితం మీద గీయమనండి. ఆరిన తర్వాత ఇంకో పుల్లను వంటసోడా నీళ్లలో ముంచి ఆ గీతల మీద అద్దమనండి. అద్దిన చోటల్లా ఎరుపెక్కుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేదీ ఈ గుణం వల్లనే. సున్నం చిన్నపిల్లల దగ్గరికి రానివ్వకూడదు కాబట్టి ఇక్కడ సోడా వాడుతున్నాం.

ఎక్కడ, ఎప్పుడు

నేల మీద కూర్చోండి. కాగితం జారకుండా నాలుగు మూలలా టేపు అంటించండి, దాని కింద ఒక పేపరు పరవండి. మీరు బిడ్డకు ఎదురుగా కూర్చుంటే మీరు గీసే ఏనుగు వాళ్లకు తలకిందులుగా కనిపిస్తుంది, అందుకని పక్కనే కూర్చోండి. టీవీ ఆపండి. ఫోను ఇంకో గదిలో పెట్టండి, ఫొటో అంతా అయ్యాక తీసుకోవచ్చు. ఆకలి మీదున్నప్పుడు, నిద్రవేళప్పుడు మొదలుపెట్టవద్దు. రెండేళ్ల వాళ్లు ఐదు నిమిషాలకే లేచిపోతే అది సరిపోయినట్టే.

ఎడమచేత్తో గీస్తే గీయనివ్వండి. ‘పీచచెయ్యి’ అని చెయ్యి మీద ఒకటి వేసే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. అది మానాలి.

కాగితం కింద పేపరు పరవమన్నది ఎందుకంటే, చిన్నపిల్లల గీత కాగితం అంచు దగ్గర ఆగదు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి సంగతులతో 1981లో వేసిన పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. అందులో చిన్న తొత్తొచాన్, అంటే ఆ రచయిత్రే, తన మొదటి బడిలో ఒక జెండా గీసి, దాని చుట్టూ కుచ్చులు గీయడానికి కాగితం చాలక బల్ల మీదికి పోతుంది, ఆ రంగు మళ్లీ పోదు. ఆ బడి నుంచి ఆమెను పంపించేయడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. తర్వాత చేరిన బడిలో పిల్లలంతా హాలు నేల మీదే సుద్దముక్కలతో గీస్తారు, గీసింది తామే తుడిచి శుభ్రం చేస్తారు. మన ఇంట్లో సిమెంటు నేల ఉంటే మనమూ అదే పద్ధతి పెట్టుకోవచ్చు. గోడ మీద వద్దు అని చెప్పే ముందు, ఇక్కడ గీయవచ్చు అని ఒక చోటు చూపించాలి.

మొదటి గీతలు

ఏడాదిన్నర బిడ్డ ఏ వస్తువునూ గీయడు. చెయ్యి ఊపితే గుర్తు పడుతోందన్న సంగతి కనిపెడతాడు, అదే పెద్ద సంబరం. భుజం నుంచి కదిలే చెయ్యి కాబట్టి గీతలు పెద్దగా, అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి. తర్వాత మోచెయ్యి, ఆపైన మణికట్టు పనిలోకి వస్తాయి, గీత సుడులు తిరుగుతుంది. అమెరికాలో నర్సరీ బడులు నడిపిన రోడా కెల్లాగ్ అనే ఆమె ఎన్నో దేశాల పిల్లల బొమ్మలు లక్షల్లో పోగుచేసి, 1969లో వాటి మీద పుస్తకం వేశారు. ఏ దేశం బిడ్డయినా మొదలుపెట్టేది ఇవే గీతలతో అని ఆమె చూపించారు. అలాంటి మూలగీతల్ని 20 రకాలుగా విడదీశారు కూడా. అందుకని మీ వాడు ‘ఊరికే పిచ్చిగీతలు గీస్తున్నాడు’ అని దిగులుపడకండి.

ఈ వయసులో మీ వంతు చాలా చిన్నది. ఇంకో రంగు తీసుకుని, కాగితంలో మీ వైపు మూల బిడ్డ చేసిందే చెయ్యండి. వాడు క్రేయాన్‌తో టకటకా చుక్కలు పొడిస్తే మీరూ నాలుగు చుక్కలు పొడిచి ఆగండి. ఆగడం ముఖ్యం. వాడు తలెత్తి మీ మొహం చూస్తాడు, మళ్లీ పొడుస్తాడు. మాటలు సరిగా రాని బిడ్డతో మీరు కాగితం మీద ముచ్చట మొదలుపెట్టినట్టే.

‘ఏందిది?’ అని అడగకండి. అది ఏదీ కానప్పుడు బిడ్డ మీకోసం ఏదో ఒక పేరు చెప్పాల్సి వస్తుంది. ప్రతిదానికీ ‘సూపర్’ అనడమూ అంతే, రెండు రోజుల్లో ఆ మాటకు విలువ ఉండదు. కళ్లకు కనిపించేది చెప్పండి. ‘ఈ గీత ఆ చివరిదాకా పోయిందే’, ‘ఎరుపు మీద నలుపు వేసినావు’, ‘ఇక్కడ గట్టిగా నొక్కినావు, కాగితం చిరిగింది చూడు’. మీరు నిజంగా చూస్తున్నారని పిల్లలకు తెలిసిపోతుంది.

ఒక గీత నీది, ఒక గీత నాది

మూడేళ్లు వచ్చాక ఈ ఆట ఆడవచ్చు. ఈ వ్యాసంలో ఒకే ఒక్కటి ప్రయత్నించే తీరిక మీకు ఉంటే ఇదే చెయ్యండి. బిడ్డ ఒక గీత గీయాలి, మీరు ఒక గీత గీయాలి, మళ్లీ బిడ్డ.

గుడియాత్తంలో మా అన్న మనవరాలితో ఆడిన ఆట చెబుతాను. పాపకు మూడున్నరేళ్లు. ముందు తను ఒక వంకర సున్న చుట్టింది, చివరలు కలవలేదు. నేను లోపల ఒక చుక్క పెట్టాను. పాప రెండో చుక్కను సున్నకు బాగా దూరంగా, బయట పెట్టింది. నేను సున్న కింద ఒక చిన్న నిలువు గీత గీశాను. దాని పక్కన తను వరసగా గీతలు గీస్తూ పోయింది, వంతు సంగతి మర్చిపోయింది, నేను గుర్తుచేయలేదు. ఉన్నట్టుండి ‘ఏనుగు! ఏనుగు పోతా ఉండాది!’ అంది. పలమనేరు వైపు కౌండిన్య అడవిలోని ఏనుగులు గుడియాత్తం చుట్టుపక్కల పొలాల్లోకి దిగుతుంటాయి. ఏ ఊరి మీద పడ్డాయి, ఎవరి పంట పోయింది అన్న మాటలు ఆ ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకుంటూనే ఉంటారు. పాప నల్ల క్రేయాన్ తీసుకుని సున్న, చుక్కలు, కాళ్లు ఏవీ కనబడకుండా బరబరా గీకేసింది. ‘చెరుకంతా తొక్కేసింది’ అని క్రేయాన్ కింద పెట్టింది. బొమ్మ అయిపోయింది.

‘అయ్యో, అంత బాగా గీసి పాడుచేసుకున్నావే’ అనాలని ఇలాంటప్పుడు ఎవరికైనా నోటిదాకా వస్తుంది. ఆ గీకుడే బొమ్మలో అసలు ఘట్టం. చిన్నపిల్లల బొమ్మ జరుగుతూ ఉంటుంది, చివరికి మిగిలిన కాగితం చూసి అందులో ఏం జరిగిందో చెప్పలేం. పక్కన కూర్చున్నవాళ్లకే అది దొరుకుతుంది. నేను పక్కన కూర్చోమని ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

ఆటలో కొన్ని పద్ధతులు పాటించండి. మీ గీత ఎప్పుడూ వాళ్ల గీత కంటే చిన్నదిగా ఉండాలి. వాళ్ల గీతను మీరు సరిదిద్దకూడదు, కలవని సున్నను కలపకూడదు. మీ గీత నచ్చలేదని వాళ్లు కొట్టేస్తే కొట్టేయనివ్వండి. చివరి గీత వాళ్లది.

‘నువ్వే గీసియ్యి’ అన్నప్పుడు

నాలుగేళ్లు రాగానే ఈ గోల మొదలవుతుంది. ‘నాకు రాదు, ఆవు గీసియ్యత్తా’ అంటారు. మీరు చక్కగా ఆవు గీసిస్తే ఆ రోజుకు సంతోషిస్తారు, మర్నాడు తమ ఆవు తమకు నచ్చదు. మీరు గీయనని మొండికేస్తే ఏడుస్తారు. ఈ రెండింటికీ నడుమ దారి ఉంది.

‘ఆవుకు ముందేం కావాల?’ అని అడగండి. మనం ఒంటి నుంచి మొదలుపెడతామేమో గానీ, పిల్లలు ‘కొమ్ములు’ అంటారు, ‘తోక’ అంటారు, ఒకోసారి ‘పేడ’ అంటారు. అదే గీయమనండి. కొమ్ములు ఎటు వంగి ఉంటాయో రెండు చేతులూ తల మీద పెట్టి చూపించమనండి. వీధిలో ఆవు ఉంటే లేచి వెళ్లి చూసి రండి. ఇంకా భయపడుతుంటే వాళ్ల వీపు మీద మీ వేలితో మెల్లగా కొమ్ము గీయండి, వీపుకు తెలిసింది చెయ్యి కాగితం మీద పెడుతుంది. ఆవు మొత్తం రాకపోయినా ఫరవాలేదు. కొమ్ములూ తోకా ఉండి ఒళ్లు లేని ఆవు ఆ వయసుకు సరైన ఆవే.

తలకే కాళ్లు

మూడు, నాలుగేళ్ల మధ్య పిల్లలు మనిషిని గీసే తీరు చాలాచోట్ల ఒకటే. ఒక సున్న, అందులో కళ్లు, సున్న నుంచే కిందికి రెండు కాళ్లు. చేతులు గీస్తే అవీ తలకే. ‘పొట్ట ఏది? మెడ ఏది?’ అని అడగవద్దు. అది తనంతట తానే వస్తుంది, ఏడాదికో ఏడాదిన్నరకో. ఫ్రాన్సులో లుకే అనే పండితుడు 1927లోనే పిల్లల బొమ్మల మీద పుస్తకం రాస్తూ, వాళ్లు కంటికి కనిపించింది కాక తమకు తెలిసింది గీస్తారని చెప్పాడు. అందుకే ఇంటి గోడ గీసి, గోడ లోపల కూర్చున్న అమ్మను కూడా గీస్తారు. మెడ సంగతి వాళ్లకు ఇంకా అవసరం పడలేదు. మొహం మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నారు.

గుడియాత్తం వాళ్లకు మొహం సంగతి నేను చెప్పక్కర్లేదు. మే నెల నడుమ, తమిళ వైకాశి మొదటి రోజున, గంగమ్మ శిరసు జాతర జరుగుతుంది. అమ్మవారి శిరసు ముత్యాలమ్మ గుడి నుంచి ఊరేగింపుగా గోపాలపురం గంగమ్మ గుడికి వచ్చి అక్కడ ఒంటికి చేరుతుంది. నాయన భుజాల మీదెక్కి కూర్చున్న బిడ్డకు జనం తలల పైన కనిపించేది ఆ పెద్ద మొహమే. జాతర మర్నాడు మామూలు కాగితం ఇవ్వకండి. నాలుగు క్యాలెండరు కాగితాలు వెనకవైపు టేపుతో అతికించి, నేలంతా పరిచి ఇవ్వండి. కళ్లు ఎంత పెద్దవి గీస్తారో చూడండి. మొహం అయ్యాక ‘చుట్టూ ఎవరెవరు ఉన్నారు?’ అని అడిగితే జనాన్ని చుక్కలు చుక్కలుగా పెడతారు, ఆ చుక్కలు మీరు కూడా పెట్టవచ్చు. పెట్టి పెట్టి చేతులు నొప్పి పుడతాయి.

ఒక హెచ్చరిక. నల్లరంగు వాడితే భయముందని, అమ్మను చిన్నగా గీస్తే అమ్మంటే ఇష్టం లేదని బొమ్మను బట్టి జోస్యం చెప్పేవాళ్లు తయారయ్యారు. పట్టించుకోకండి. నల్ల క్రేయాన్ అన్నిటికంటే గట్టిగా కనిపిస్తుంది కాబట్టి పిల్లలకు అదంటే ఇష్టం. బిడ్డ గురించి నిజంగా దిగులుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి గానీ బొమ్మలో వెతకకూడదు.

ముగ్గు దగ్గర, మగ్గం దగ్గర

తెల్లారి వాకిలి చిమ్మి ముగ్గు వేసే ఇల్లు అయితే మీకు బొమ్మల బడి గుమ్మంలోనే ఉంది. మీరు ముగ్గు వేశాక పక్కన ఒక మూర జాగా బిడ్డకు వదలండి. రంగుల పొడి వద్దు, కళ్లల్లో పడితే మంట. బియ్యప్పిండి ఇవ్వండి, పడిపోయింది చీమలు తింటాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టుకుని కొంచెం కొంచెంగా వదలడం ఆ చిన్న వేళ్లకు మంచి సాము. మొదట చుక్కలు పెట్టమనండి. వరస తప్పుతుంది, తప్పనివ్వండి. ఆ చుక్కల్ని ఎట్లా కలిపితే అట్లా కలపవచ్చని చెప్పి మీరు ఒక రెండు కలిపి ఊరుకోండి. మర్నాడు పొద్దున ఎలాగూ చిమ్మేస్తాం, కొత్తది వేస్తాం. పాడవుతుందన్న భయం ముగ్గుకు లేదు, అందుకే కాగితం చూసి జంకే పిల్లలు కూడా వాకిట్లో ధైర్యంగా వేస్తారు. ధనుర్మాసంలో వీధంతా పెద్ద ముగ్గులు పడతాయి కదా, అప్పుడు బిడ్డను చెయ్యి పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరి దాకా నడిపించండి.

గుడియాత్తం లుంగీలకు పేరున్న ఊరు. ఐదేళ్ల బిడ్డకు తాత గళ్ల లుంగీ ఒకటి నేల మీద పరిచి చూపించండి. ముందు నిలువు చారలు మాత్రమే చూడమనండి, అవి పడుగు. కాగితం మీద నీలం క్రేయాన్‌ను అడ్డంగా పడుకోబెట్టి పైనుంచి కిందికి లాగితే వెడల్పు చార పడుతుంది, మొనతో లాగితే సన్న చార. ఒక వెడల్పు, రెండు సన్నం, మళ్లీ ఒక వెడల్పు. ఆ వరస బిడ్డనే ఎంచుకోమనండి. ఇప్పుడు కాగితం పక్కకు తిప్పి మీరు పసుపు రంగుతో అడ్డచారలు లాగండి, అవి పేక. నీలమూ పసుపూ కలిసిన ప్రతి గడిలో ఆకుపచ్చ పుడుతుంది. పడుగు ఒకరిది, పేక ఒకరిది అనుకుని వంతులు మార్చుకోండి. మగ్గం ఉన్న ఇల్లు తెలిసినవాళ్లదైతే తీసుకెళ్లి ఒక పావుగంట చూపించండి, ఆ మర్నాడు గీసే గళ్లు వేరేగా ఉంటాయి.

కోటకు వెళ్లండి

ఐదు, ఆరేళ్ల పిల్లలతో ఒక ఆదివారం సాయంత్రం వేలూరు కోటకు పొండి. విజయనగర రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన రాతికోట, చుట్టూ నీళ్ల అగడ్త. ‘కోట గీయి’ అంటే బిడ్డ ఏం చేయాలో తెలియక మళ్లీ ఆ రెండు కొండల బొమ్మకే పోతుంది. ఒక్కటి ఎంచుకోండి. గోడలో ఒక రాయి, దాని పక్క రాయి, రెండూ ఒకే సైజా? అగడ్త నీళ్లలో గోడ నీడ నిటారుగా ఉందా, కదులుతోందా? అడిగి, వాళ్లు చూసేదాకా ఓపిక పట్టి, తర్వాత కాగితం ఇవ్వండి.

లోపల జలకంఠేశ్వరుడి గుడిలో కల్యాణమండపం స్తంభాలు ఉన్నాయి. వాటి మీద యాళులనే కల్పిత మృగాలు, కాళ్లు పైకెత్తిన గుర్రాలు, గుర్రాల మీద రౌతులు. యాళికి ఎదురుగా కూర్చుని ‘ఇది సింహమా, ఏనుగా?’ అని అడిగితే పిల్లల్లో పెద్ద తగాదా వస్తుంది. ఆ తగాదా తేలకముందే గీయమనండి. మీరు తోక గీస్తే వాళ్లు పళ్లు గీస్తారు. రాళ్లను తాకవద్దు, బొగ్గు బయటికి తీయవద్దు, పెన్సిల్ చాలు. తిరిగి వచ్చేటప్పుడు తూర్పు కొండల వైపు చూసి, ఆ కొండ అంచు ఎట్లా పోతోందో గాల్లో వేలితో గీయమనండి. పైకి, కిందికి, ఒక బండ, మళ్లీ పైకి. ఇంటికొచ్చాక అదే కాగితం మీద పెట్టమంటే బండరాళ్ల కొండ వస్తుంది. నాకైతే ఆ ఒక్క గీత కోసమే అంత దూరం పోవచ్చు అనిపిస్తుంది.

బొమ్మ కింద మాట

బొమ్మ అయ్యాక బిడ్డ చెప్పేది కింద రాసిపెట్టండి, తెలుగులో, పెద్ద అక్షరాలతో, వాళ్ల కళ్ల ముందే. ఈ పక్క తెలుగు ఇళ్ల పిల్లలు చదివేది తమిళంలోనో ఇంగ్లీషులోనో. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం బాగా నేర్చుకోవాల్సిందే, ఈ నేల భాష అది. తెలుగు అక్షరం మాత్రం చాలామంది పిల్లలకు ఇంట్లో తప్ప ఎక్కడా కంటబడదు. ‘యానై వచ్చి కరుంబు తినేసింది’ అని బిడ్డ అంటే అట్లానే రాయండి, ఏనుగనీ చెరుకనీ దిద్దకండి. దిద్దితే రేపు చెప్పడం మానేస్తుంది. రాసింది వేలు పెట్టి చదివి వినిపించండి. అడుగున పేరు, తేదీ. కొన్ని నెలలకు తన పేరు తనే గుర్తుపడుతుంది, ఆపైన రాయడానికి చూస్తుంది. సున్నలు చుట్టడం వచ్చిన చేతికి మన అక్షరాలు కష్టం కావు.

అన్నీ దాచాలంటే ఇల్లు చాలదు. నెలకు రెండో మూడో బిడ్డనే ఎంచుకోమని, ఒక అట్టపెట్టెలో వేయండి. ఒకటి చిత్తూరులోనో పలమనేరులోనో ఉన్న జేజికి పోస్టులో పంపండి.

ఆస్పత్రి సంచి

వేలూరు అంటే తెలుగువాళ్లలో చాలామందికి ఆస్పత్రే. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన సి.ఎం.సి.కి చిత్తూరు, కడప, అనంతపురం నుంచి, ఇంకా దూరం నుంచి పిల్లల్ని ఎత్తుకుని వస్తుంటారు. చీటీ కోసం, పరీక్షల కోసం, రిపోర్టుల కోసం గంటల తరబడి కూర్చోవాలి. లాడ్జి గదిలో రోజుల తరబడి ఉండాలి. పెద్దవాళ్ల మనసు బాగుండదు, బిడ్డకు ఏమీ తోచదు. ఆస్పత్రికి తెచ్చుకునే సంచిలో ఒక పరీక్ష అట్ట, పది కాగితాలు, నాలుగు క్రేయాన్ ముక్కలు పెట్టుకోండి. ఒక చేతికి సూది ఉంటే రెండో చేత్తో గీయవచ్చు, క్లిప్పు ఉన్న అట్ట అయితే కాగితం కదలదు. వార్డులో ఉన్న బిడ్డకైతే ఏవి ఇవ్వవచ్చో ముందు నర్సమ్మను అడగండి.

అక్కడ ఎక్కువ మాట్లాడవద్దు. ‘బాగైపోతుందిలే’ అని బొమ్మ నడుమ చెప్పవద్దు. కాగితాన్ని మూడు మడతలు పెట్టి, పై మడతలో మీరు ఒక తల గీసి, మెడ కొస మాత్రం కనిపించేలా వెనక్కి మడిచి ఇవ్వండి. బిడ్డ ఒళ్లు గీస్తుంది. మళ్లీ మడిచి ఇస్తే కాళ్లు మీవి. విప్పి చూస్తే మీసాల తాతకు చేప ఒళ్లు, కోడికాళ్లు ఉంటాయి. ఐదేళ్లు దాటిన బిడ్డ ఇది చూసి నవ్వకుండా ఉండటం కష్టం, పక్క మంచం బిడ్డ కూడా తనకో కాగితం అడుగుతుంది.

ఇంకొకటి, గుడియాత్తంలో అగ్గిపెట్టెల పరిశ్రమ ఉంది కాబట్టి ఈ పక్క అందరికీ తోచేదే. ఖాళీ అగ్గిపెట్టె తీసుకుని, పక్కల గీకే కాగితం పూర్తిగా తడిపి ఒలిచేయండి. చేతులు కడుక్కున్నాక, పెట్టె వెడల్పున పొడుగాటి కాగితం చీలిక కత్తిరించి అటొకటి ఇటొకటి మడతలు పెట్టి లోపల పెట్టండి. ఒక మడతకు ఒక బొమ్మ. మొదటిది బిడ్డది, రెండోది మీది, మూడోది చీటీల వరసలో పక్కన కూర్చున్న వాళ్లది. చీలిక నిండితే ఇంకోటి కత్తిరించి దాని చివర అతికించండి.